పలుకని యాప్లెట్టు

వెబ్ పుటను తెరచితిమి. అక్షరములు వచ్చినవి; బొమ్మలు వచ్చినవి; అడుగున కార్యాలయపు చిరునామా కూడ వచ్చినది. నడుమ ఒక చతురస్రము మాత్రము బూడిదరంగున నిలిచిపోయినది. అందులో ‘లోపము కలిగినది, వివరములకై నొక్కుడు’ అను భావముగల ఒక చిన్న వాక్యము కనబడవచ్చును. ఒక్కొక్కప్పుడు ఆపాటి మాటయు నుండదు. ఆ ఖాళీ చోట నడువవలసినది యాప్లెట్టు. అది ఏల నడువలేదో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

యాప్లెట్టనగా వెబ్ పుటలో పొదగబడిన చిన్న ప్రోగ్రాము. 1995వ సంవత్సరమున సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ, జేమ్స్ గాస్లింగ్ ప్రభృతులు రూపొందించిన జావా భాషను లోకమునకు విడుదల చేసినపుడు జనులను మొట్టమొదట ఆకర్షించినది ఇదియే. అంతవరకు వెబ్ పుట అచ్చుపుట వంటిది. చదువుకొనుటయే గాని అందులో కదలిక చాల తక్కువ. యాప్లెట్టు వచ్చిన పిదప ఆ పుటలోనే లోలకము ఊగసాగెను, అణువు గిరగిర తిరుగసాగెను, విద్యార్థి తీగె పొడవు మార్చినకొలది ఊగుటకు పట్టు కాలము మారసాగెను. దూరమున నున్న సర్వరు ప్రోగ్రామును పంపును. అది నడచుట మాత్రము మన బల్లమీది యంత్రముననే. ఈ రెండవ మాటను పాఠకులు గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను. ముందు చెప్పబోవు చిక్కులలో సగము, సర్వరు వేరు, మన యంత్రము వేరు అను సంగతిని మరచుటవలన పుట్టినవే.

ఇరువది సంవత్సరములపాటు ఎందరో ఉపాధ్యాయులు, శాస్త్రజ్ఞులు, కార్యాలయములవారు తమ పనిని ఈ చిన్న పెట్టెలలో నింపిరి. రసాయనశాస్త్రమున అణువుల నిర్మాణము చూపుటకు జ్మోల్ ఉండెను. గణితమునకు జియోజీబ్రా ఉండెను. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఫెట్ పాఠములలో పెక్కు జావాతోనే వ్రాయబడినవి. మన దేశమున ప్రభుత్వ టెండర్లు దాఖలుచేయు వేదికలలో కొన్నిటియందు ఎలక్ట్రానిక్ సంతకము చేయించు పని యాప్లెట్టుదై యుండెను. సాయంత్రము అయిదు గంటలకు గడువు ముగియు టెండరునకు నాలుగున్నర గంటలవేళ సంతకపు పెట్టె తెరచుకొనకపోయినచో, గుత్తేదారు ఆరు నెలల ఆశ ఆ బూడిదరంగు చతురస్రమునందే అణగిపోవును. కావున ఇది వట్టి యంత్రశాస్త్ర వినోదము కాదు.

ఇంట రేడియో మూగవోయినపుడు వివేకవంతుడు మొదటనే సెట్టు వెనుక మరలు విప్పడు. తక్కిన స్టేషనులు వినవచ్చుచున్నవా, ఏరియలు తీగె ఊడినదా, అసలు ఆ వేళ ప్రసారము కలదా అని చూచును. యాప్లెట్టు విషయమునను ఇదే పద్ధతి. మొదటి ప్రశ్న ఇది: ఈ యంత్రమున, ఈ బ్రౌజరులో ఏ యాప్లెట్టయినను నడుచుచున్నదా? ఏదియు నడువనిచో దోషము బ్రౌజరునందో, జావా స్థాపనయందో ఉండును. తక్కినవి నడచి ఇది యొక్కటే నడువనిచో దోషము ఆ పుటయందో, దానిని పంపు సర్వరునందో ఉండును. ఈ ఒక్క విభజన చేయక, గంటలకొలది జావాను తీసివేయుట, మరల పెట్టుట అను వ్యర్థశ్రమలో పడువారు పెక్కురు. బ్రౌజరు 32 బిట్లదై, జావా 64 బిట్లదైనను రెంటికిని పొత్తు కుదురదు. ఇదియు ఈ మొదటి తరగతిలోనిదే.

రెండవ పని, జావా కన్సోలు అను కిటికీని తెరచుట. జావా నియంత్రణ పలకలో దానిని చూపుమని కోరవచ్చును. బూడిదరంగు పెట్టె చెప్పని మాటలన్నియు అందులో వరుసగా పడును. ఆ కిటికీలో 5 అను అంకె నొక్కినచో వివరములు మిక్కిలి విస్తారముగా వచ్చును. చూచువారికి ఆ వాక్యములు భయంకరముగా తోచును గాని, చదువవలసినది సాధారణముగా మొదటి వాక్యము మాత్రమే. క్రిందివన్నియు దాని బంధుగణము.

ఆ మొదటి వాక్యమున అందరికంటె తరచుగా కనబడునది క్లాస్‌నాట్‌ఫౌండ్, అనగా ‘కోరిన తరగతి దొరకలేదు’ అని. యాప్లెట్టును పుటలో పొదుగువారు మూడు సంగతులు వ్రాయుదురు: ప్రోగ్రాము పేరు, అది కట్టియుంచిన జార్ అను మూట పేరు, ఆ మూట యున్న తావు. ఈ మూడింటిలో ఒక్క అక్షరము తప్పినను బ్రౌజరు లేని వస్తువునకై సర్వరు తలుపు తట్టును. విండోస్ యంత్రమున పెద్దబడి అక్షరమునకును చిన్నబడి అక్షరమునకును భేదము పాటింపబడదు. లినక్స్ సర్వరునందు పాటింపబడును. అందుచేత వ్రాసినవాని యంత్రమున చక్కగా నడచినది సర్వరునకు చేరినంతనే నిలిచిపోవును. మన లిపిలో ఈ పెద్దబడి, చిన్నబడి తగవు లేదు గనుక తెలుగువాని కంటికి ఈ పొరపాటు వెంటనే ఆనదేమో యని మాకు తోచును. ప్రోగ్రాము ఒక ప్యాకేజీలో చేరినదైనచో ఆ ప్యాకేజీ పేరుతో కూడ పూర్తి నామము చెప్పవలెను. ఇంటిపేరు లేక ఉత్తరము చేరనట్లే ఇదియును.

ఇక జావా వెబ్ అనువర్తనములలోనే కలుగు ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. ఎందరో నేర్పరులు కూడ ఇందు చిక్కుకొందురు గనుక దీనిని కొంచెము నిదానముగా చెప్పుదుము. అట్టి అనువర్తనమున వెబ్-ఇన్ఫ్ అను పేరుగల ఒక అర యుండును. సర్వరు తాను నడపుకొను ప్రోగ్రాములు అందులోని క్లాసెస్ అను చోటనో, జార్ మూటలైనచో లిబ్ అను చోటనో యుండవలెను. క్రొత్తగా పనిచేయువాడు, యాప్లెట్టు కూడ జావా తరగతియే కదా యని దానిని అక్కడనే పెట్టును. సంకలనమున ఏ లోపమును రాదు, సర్వరును సణుగదు. కాని సర్వ్లెట్ నియమావళి ప్రకారము ఆ అరలోని ఏ వస్తువును బయటివారికి నేరుగా అందింపరాదు. అది ఇంటి లోపలి గది. అతిథికి అందు ప్రవేశము లేదు. యాప్లెట్టు నడచునది అతిథి యంత్రమున గనుక, బ్రౌజరు దానిని అడుగును. సర్వరు ‘అట్టిది లేదు’ అని 404 అంకెతో జవాబిచ్చును. వస్తువు కంటి ఎదుట నున్నను దొరకలేదని కన్సోలు పలుకుచుండుటచే పనివాడు తల పట్టుకొనును. చికిత్స చాల సులభము: యాప్లెట్టును దాని మూటతో సహా వెబ్-ఇన్ఫ్ వెలుపల, బొమ్మలు ఉంచు చోటువంటి బహిరంగ స్థలమున ఉంచవలెను.

దీనికి తోబుట్టువు వంటిది మరియొకటి. పుటను తయారుచేయు జేఎస్పీ ఫైలు ఒక చోట నుండును. బ్రౌజరు పైన కనబడు చిరునామా వేరొకటి కావచ్చును, ఏలయన లోపల సర్వ్లెట్టు ఒకటి పనిని దానికి అప్పగించియుండును. మూట యున్న తావును ‘ఇక్కడి నుండి’ అను పద్ధతిలో వ్రాసినపుడు, బ్రౌజరు తనకు కనబడు చిరునామానుండియే లెక్కించును గాని జేఎస్పీ ఉన్న చోటునుండి కాదు. కావున అనువర్తనపు మూలచిరునామాతో మొదలిడి పూర్తి త్రోవ వ్రాయుటయే క్షేమము.

కొన్ని వేళల కన్సోలులో మరి వింతైన మాట వచ్చును: ‘మాయా సంఖ్య పొసగలేదు, 1008813135’ అని. ఈ సంఖ్య ఎచ్చటనుండి ఊడిపడినదని ఆశ్చర్యపడనక్కరలేదు. జావా తరగతి ఫైలు ప్రతిదియు నాలుగు బైట్ల ముద్రతో మొదలగును. పదునారు మూలముగాగల సంఖ్యారీతిలో అది ‘కాఫేబేబ్’ అని చదువబడును; మన దశాంశ రీతిలో 3405691582. ఈ ముద్ర లేనిదానిని జావా యంత్రము ముట్టదు. వచ్చిన ఫైలులోని మొదటి నాలుగు బైట్లను ఒక సంఖ్యగా చదివి, అది తప్పని చెప్పును. 1008813135 అను సంఖ్యను విడదీసినచో కోణపు గుర్తు, ఆశ్చర్యార్థకము, డి, ఓ అను నాలుగు అక్షరములు వచ్చును. అనగా డాక్‌టైప్ అను మాటతో మొదలగు మామూలు వెబ్ పుట! సంఖ్య 1013478509 అయినచో కోణపు గుర్తు తరువాత హెచ్, టి, ఎమ్. అదియును వెబ్ పుటయే. ప్రోగ్రాము కొరకు చేయి చాచిన బ్రౌజరు చేతిలో సర్వరు ఒక పుటను పెట్టినదన్నమాట.

ఏ పుట? తొంబదిపాళ్లు అది లాగిన్ పుటయే యని మా అభిప్రాయము. అనువర్తనమునకు కావలి యుండు ఫిల్టరు, గుర్తింపు చీటి లేని ప్రతి వినతిని లాగిన్ పుటకు మళ్లించును. మనుష్యుడు పేరు, సంకేతపదము ఇచ్చి లోనికి వచ్చెను. కాని యాప్లెట్టు మూటను తెచ్చుటకు జావా ప్లగిన్ వేరుగా వెడలును. అది ఆ గుర్తింపు చీటిని వెంట తీసికొనిపోనిచో కావలివాడు దానిని గుమ్మముననే ఆపి లాగిన్ పుటను చేతికిచ్చును. ‘లేదు’ అని సర్వరు స్పష్టముగా చెప్పినచో క్లాస్‌నాట్‌ఫౌండ్ వచ్చును; ‘ఇదిగో’ అని వేరొకటి యిచ్చినచో మాయా సంఖ్య మాట వచ్చును. రెంటికి గల ఈ భేదమును గ్రహించినవానికి సగము పని అక్కడనే ముగిసినది. పరీక్ష మార్గము ఇది: లాగిన్ కాని క్రొత్త కిటికీలో జార్ మూట చిరునామాను నేరుగా వ్రాసి చూడవలెను. మూట దిగినచో త్రోవ సరియే. లాగిన్ పుట ప్రత్యక్షమైనచో ఆ మూట యున్న చోటును ఫిల్టరు కావలినుండి తప్పించవలెను. లాగినై యున్న కిటికీలోనే ఈ పరీక్ష చేసినచో ఫలితము మోసగించును.

మూట చక్కగా చేరినను తరగతి సంచిక పొసగకపోవచ్చును. జావా 6 తో కట్టిన ఫైలునందు 50 అను సంఖ్య యుండును, 7 తో కట్టినందు 51, 8 తో కట్టినందు 52. పాఠకుని యంత్రమున జావా 7 మాత్రమే యున్నచో 52 గల ఫైలును అది చదువజాలదు. క్రొత్తది పాతదానిని చదువును గాని పాతది క్రొత్తదానిని చదువలేదు. కట్టువారు పాత సంచికకు సరిపడునట్లు కట్టుటయే దీనికి మందు. ఊరిలోని యంత్రములన్నింటిని మార్చుట కాదు.

దోషము సవరించి క్రొత్త మూటను సర్వరులో పెట్టిన తరువాతను పాత దోషమే కనబడుట కలదు. జావా తాను పూర్వము తెచ్చుకొన్న మూటను దాచియుంచుకొని దానినే నడపుచుండును. కన్సోలులో ఎక్స్ అను అక్షరము నొక్కిన తరగతుల నిల్వ తుడువబడును. నియంత్రణ పలకలో తాత్కాలిక ఫైళ్లను తీసివేయవచ్చును. మూట పేరులోనే సంచిక సంఖ్య చేర్చుట అన్నింటికంటె మేలు.

అనుమతుల సంగతి వేరు. పరులు పంపిన ప్రోగ్రాము మన యింట నడచునపుడు దానికి హద్దులుండుట న్యాయమే కదా. సంతకములేని యాప్లెట్టు మన ఫైళ్లను చదువరాదు. తాను వచ్చిన సర్వరుతో తప్ప వేరొకరితో మాటలాడరాదు. హద్దు మీరినచో ‘ప్రవేశము నిరాకరింపబడినది’ అను కేక కన్సోలులో వినవచ్చును. మొదట ఈ కంచె చాలునని తలచిరి. కాని కంచెలో కన్నములు బయల్పడుచు వచ్చినవి. 2013 జనవరిలో జావా 7లో కనుగొనబడిన ఒక లోపము ఎంత తీవ్రమైనదనగా, బ్రౌజర్లలో జావాను ఆపివేయుడని అమెరికా అంతర్భద్రతా శాఖ ప్రజలకు సలహా యిచ్చెను. 2010లోనే సన్ సంస్థను కొనియున్న ఒరాకిల్ అటుపిమ్మట నియమములను బిగించెను. 2014 జనవరిలో వచ్చిన 7వ సంచిక 51వ సవరణతో, విశ్వాసపాత్రమైన సంతకము లేని యాప్లెట్లును, తమకు ఏ అనుమతులు కావలెనో మూటలోని మానిఫెస్టు చీటిలో వ్రాయనివియు సాధారణ భద్రతాస్థాయిలో నిలిపివేయబడినవి. అంతవరకు ఏండ్ల తరబడి నడచిన పాఠములు ఒక్క ఉదయమున ఆగిపోయినవి. వ్రాసినవారు అందులో ఒక్క అక్షరమును మార్చియుండలేదు! యంత్రపు గడియారము తప్పుగా నున్నను సంతకము చెల్లనట్లు కనబడును. మూలనున్న తేదీని ఒకసారి చూచుట నష్టము కాదు.

ఇంతవరకు చెప్పినవన్నియు తలుపు తెరచియున్న కాలపు చికిత్సలు. ఆ తలుపులు క్రమముగా మూయబడినవి. యాప్లెట్టును బ్రౌజరుతో కలుపునది నెట్‌స్కేప్ కాలమునాటి ప్లగిన్ వంతెన. క్రోమ్ దానిని 2015 ఏప్రిలులో ఆపి, సెప్టెంబరులో పూర్తిగా తొలగించెను. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో 52వ సంచికతో జావాకు ఆ వంతెనను మూసివేసెను. 2018లో వచ్చిన జావా 11లో బ్రౌజరు ప్లగినే లేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 కూడ 2022 జూను 15న విశ్రాంతి పుచ్చుకొన్నది. కావున నేడు క్రొత్త యంత్రమున, క్రొత్త బ్రౌజరులో యాప్లెట్టు కనబడనిచో పైన చెప్పిన సోదాలు చేయుట వృథా. అచ్చట చెడినదేదియు లేదు, నడపువారే లేరు.

అయినను పని ఆగరాదు కదా. ఎవరికి ఏమి కావలెనో దానినిబట్టి మార్గములు వేరగును. కార్యాలయపు పాత అనువర్తనమును కొంతకాలము నడపక తప్పనివారికి మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ లోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్ కలదు. కనీసము 2029 వరకు దానిని పోషింతుమని ఆ సంస్థ చెప్పియున్నది. దానికి జావా 8 ను జతపరుపవచ్చును. కాని అట్టి యంత్రమును ఆ ఒక్క పనికే కేటాయించి, ఊరి వెబ్ పుటలన్నియు దానిలో తెరువకుండుట మంచిది. ఎలక్ట్రానిక్ సంతకము చేయవలసినవారు, తమ వేదిక ఇప్పుడు యాప్లెట్టునకు బదులుగా యంత్రముననే స్థాపించుకొను సంతకపు ప్రోగ్రామును ఇచ్చుచున్నదేమో ముందుగా విచారింపవలెను. ఈ విచారణ గడువు దినమున గాక వారము ముందు చేయవలసినదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఉపాధ్యాయుల విషయము మాకు ఎక్కువ ప్రీతిపాత్రము. జ్మోల్ వారు తమ పనిని జేఎస్‌మోల్ అను పేర జావాస్క్రిప్టులోనికి మార్చిరి. జియోజీబ్రాయు జావా ప్లగిన్ లేకయే బ్రౌజరులో నడుచుచున్నది. ఫెట్ పాఠములు అనేకము మరల వ్రాయబడినవి. వానిలో తెలుగులోనికి అనువదింపబడినవియు కలవు. కాని ఒంటరిగా ఒక అధ్యాపకుడు తన విద్యార్థులకై వ్రాసికొన్న పాఠములకు ఏ సంస్థయు దిక్కు లేదు. మూలప్రతి పోయి, జార్ మూట మాత్రమే మిగిలియుండుట సాధారణము. అట్టివారు నిరాశ చెందనక్కరలేదు. లీనింగ్ టెక్నాలజీస్ వారి చీర్ప్‌జే అను సాధనము, జావా ప్రోగ్రామును ప్లగిన్ లేకయే నేటి బ్రౌజరులో నడపగలదు. ఫెట్ వారు తమ పాత జావా పాఠములకు దీనినే వాడుచున్నారు. వెబ్ తో పని లేనివారు జావా 8 అభివృద్ధి సామగ్రితో వచ్చు యాప్లెట్ వ్యూయర్ అను చిన్న ప్రోగ్రాముతో, అంతర్జాల సంబంధము లేని యంత్రమున ఆ పాఠమును తరగతిలో చూపవచ్చును. జావా 11 నుండి ఆ వ్యూయరును తీసివేసిరి గనుక 8 నే భద్రపరచుకొనవలెను.

మూలప్రతి చేత నున్నవారికి ఇంకను సులువైన దారి కలదు. యాప్లెట్టు తానుగా కిటికీని తెరువదు. బ్రౌజరు దానికి చోటిచ్చి, మొదట ఇనిట్ అను భాగమును, పిదప స్టార్ట్ అను భాగమును పిలుచును. ఈ రెండు పిలుపులను తామే పిలిచి, ఒక సామాన్యపు కిటికీలో దానిని కూర్చుండబెట్టు పది పదునైదు పంక్తుల ప్రోగ్రామును వ్రాసినచో పెక్కు పాఠములు బ్రౌజరు సహాయము లేకయే నడచును. పుటలో యాప్లెట్టునకు అందింపబడుచుండిన కొలతలు, రంగులు మొదలగు పారామీటర్లను మాత్రము అందులో తామే సమకూర్చవలెను. లేనిచో ఇనిట్ అను పిలుపునొద్దనే ఆగిపోవును. ఇట్లు మార్చుటకు కూర్చుండువారు పాత పుటను పారవేయక ముందు అందులోని ఆ పారామీటర్ల పేర్లను, విలువలను వేరొక కాగితముమీద ఎత్తి వ్రాసికొనవలెను. జార్ మూటలో అవి ఉండవు.